ఉపేక్షకు రెండు అర్థాలు

మన భాషలో ఉపేక్ష అనే మాటకు మంచి పేరు లేదు. జబ్బును ఉపేక్షిస్తే ముదురుతుందంటాం. లంచగొండిని ఉపేక్షించరాదంటాం. పట్టించుకోవలసినదాన్ని పట్టించుకోకపోవటమే మనకు ఉపేక్ష. బౌద్ధుల పాలీ భాషలో అదే మాట ఒక గొప్ప సద్గుణానికి పేరు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటినీ వాళ్లు బ్రహ్మవిహారాలంటారు. సుఖం వస్తే పొంగకుండా, దుఃఖం వస్తే కుంగకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగల నిబ్బరం ఉపేక్ష. వేదన అనే మాట గతి కూడా ఇట్లాంటిదే. పాలీలో వేదన అంటే సుఖమైనా సరే, దుఃఖమైనా సరే, రెండూ కానిదైనా సరే, మనిషికి కలిగే అనుభూతి. తెలుగులో వేదన అంటే బాధ ఒక్కటే.

మాటలు ఒక భాషనుంచి మరొక భాషకు వచ్చేటప్పుడు అర్థం మార్చుకోవటం మామూలే. అది నిఘంటుకారులు చూసుకోవలసిన పని అని వదిలెయ్యవచ్చు. కాని 2019 డిసెంబరులో హైదరాబాదు దగ్గర ఒక కేంద్రంలో పదిరోజుల విపశ్యన శిబిరంలో కూచుని వచ్చిన తరవాత, ఈ రెండు అర్థాల మధ్య వున్నది భాషా సమస్య కాదనీ, నీతి సమస్య అనీ నాకు తోచింది. ఎవరి బాధ విషయంలో మనిషి నిబ్బరంగా వుంటే అది గుణం? ఎవరి బాధ విషయంలో నిబ్బరంగా వుంటే అది దోషం? ఈ వ్యాసంలో నేను తేల్చదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్నే.

ముందు శిబిరం సంగతి చెప్పాలి. ధ్యానం అనగానే మనలో చాలామందికి కాషాయమూ, పాదపూజా, అగరొత్తుల పొగా గుర్తుకొస్తాయి. ఇక్కడ అవేమీ లేవు. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. 4.30 మొదలు రాత్రి 9 గంటలదాకా, తిండికీ విశ్రాంతికీ సాయంకాలపు ప్రవచనానికీ పోను, రోజుకు పది గంటలకు పైగా కూచోవాలి. ఉదయం 6.30కి ఫలహారం, 11 గంటలకు భోజనం, సాయంత్రం 5 గంటలకు టీ, దానితో కొత్తవాళ్లకు ఏదో ఒక పండు. పదోరోజు ఉదయందాకా తోటివాళ్లతో మాట లేదు, సైగ లేదు. సందేహం వుంటే ఆచార్యుణ్ణి అడగవచ్చు. పుస్తకం, కాగితం, కలం, సెల్‌ఫోను అన్నీ ముందే అప్పగించాలి. చంపటం, దొంగిలించటం, అబద్ధమాడటం వంటివి చెయ్యనని అయిదు శీలాలకు మాట ఇవ్వాలి. ఫీజు లేదు. అంతకుముందు శిబిరాలు పూర్తిచేసినవాళ్ల విరాళాలతో, స్వచ్ఛంద సేవతో ఇది నడుస్తుంది.

మొదటి మూడు రోజులూ ముక్కుదగ్గర వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనించటమే పని. మంత్రం జపించకూడదు, ఏ దేవుణ్ణీ ఊహించుకోకూడదు. నాలుగోరోజున అసలు విపశ్యన మొదలవుతుంది. నడినెత్తినుంచి అరికాళ్లదాకా ఒక్కొక్క భాగం మీదా దృష్టి నిలిపి, అక్కడ వేడి వున్నా చలువ వున్నా, దురద వున్నా నొప్పి వున్నా, దాన్ని కోరుకోకుండా, తోసెయ్యకుండా గమనిస్తూ సాగిపోవాలి. ఆపైన రోజుకు మూడుసార్లు అధిష్ఠానం. అంటే గంటసేపు కాలూ చెయ్యీ కదల్చకుండా, కళ్లు తెరవకుండా కూచోవాలి.

నా వయసు యాభై దాటింది. పాఠం చెప్పేటప్పుడు నిలబడటమే గాని నేలమీద బాసింపట్టు వేసుకుని కూచునే అలవాటు పోయి చాలాకాలమయింది. మొదటి అధిష్ఠానంలో ఇరవై నిమిషాలయ్యేసరికి కుడి మోకాలు నిప్పు అంటుకున్నట్టయింది. ఆరోరోజుకు ఒక సంగతి తెలిసివచ్చింది. నొప్పి అని నేను పిలుస్తున్నది ఒకే ముద్ద కాదు. లాగటం, మంట, పోటు, తిమ్మిరి విడివిడిగా వస్తున్నాయి, పోతున్నాయి. వీటికి తోడు మనసు పెట్టే గోల వేరే వున్నది. ఇంకా ఎంతసేపు, కాలు పాడవుతుందేమో, పక్కవాడు ఎట్లా కూచున్నాడో! ఆ గోల అణిగినప్పుడు మోకాలు మోకాలిగానే నొస్తున్నది గాని, నేను నలిగిపోవటం లేదు.

సంయుక్త నికాయంలో దీనికి చక్కటి ఉపమానం వున్నది. తెలియనివాడికి ఒక బాణం తగలగానే వెంటనే రెండోది తగులుతుంది. మొదటిది శరీరపు బాధ, రెండోది దాని గురించి మనసు పడే బాధ. తెలిసినవాడికి మొదటిది మాత్రమే తగులుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఎవరి శరీరంమీద వాళ్లు పరీక్షించి చూసుకోగల విషయం ఇది. దేవుడి ప్రసక్తి లేకుండా, ఆత్మ ప్రసక్తి లేకుండా, అనుభవాన్ని ఆధారం చేసుకుని చెప్పిన మాట. ఇట్లాంటిదాన్ని భావవాదం అని ఒక్కమాటతో తోసెయ్యటం భౌతికవాదికి తగిన పని కాదు. 2014లో అమెరికా వైద్య పరిశోధకులు ధ్యాన పద్ధతులపై జరిగిన 47 ప్రయోగాలను, మొత్తం 3,515 మందికి సంబంధించినవాటిని, కలిపి సమీక్షించారు. ఆందోళన, మనోవ్యాకులత, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయని తేల్చారు. మందుల కంటె, వ్యాయామం కంటె ధ్యానమే మెరుగనటానికి రుజువు దొరకలేదనీ చెప్పారు. కనక దీనిలో నిజం వున్నది, ఆ నిజానికి ఒక హద్దూ వున్నది. మన వివాదం ఆ హద్దు దగ్గర.

పదోరోజు ఉదయం మౌనం విడిచారు. తొమ్మిది రోజులు మాట లేకుండా ఒకే వరసలో కూచున్నవాళ్లం ఒకళ్లనొకళ్లం పలకరించుకున్నాం. నా ఎడమపక్క కూచున్నవాడు ఆటో నడుపుతాడు. అది అతనికి రెండో శిబిరం. ఫీజు లేదు గాని పదిరోజుల బేరం పోయింది, ఆటో అద్దె మాత్రం ఆగలేదు. అయినా ఎందుకు వచ్చావని అడిగాను. "ఇంట్ల కోపమొస్తే చెయ్యి లేస్తుండె సార్. ఇప్పుడు ముందుగాల ఛాతీల గరమైతది, గది తెలుస్తుంది. తెలిసినంక చెయ్యి లేస్తలేదు" అన్నాడు. ఇంతకంటె స్పష్టంగా విపశ్యన ఫలితాన్ని ఎవరైనా చెప్పగా నేను వినలేదు. మా కుడివైపున కూచున్నాయన ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని. మర్యాదస్థుడు. ఆయనకూ శిబిరం బాగా నచ్చింది. "మా వర్కర్లందరి చేతా ఇది చేయించాలి మాస్టారూ. ఓవర్‌టైమనీ బోనసనీ రోజూ ఏదో ఒక గొడవ. ఇది నేర్చుకుంటే వాళ్లకే మనశ్శాంతి" అన్నాడు.

ఇద్దరూ ఒకే చోట, ఒకే గురువు మాటలు విన్నారు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడారు. ఆటోవాడు తన కోపానికి ఉపేక్ష నేర్చుకున్నాడు. దానివల్ల మరొక మనిషికి దెబ్బలు తప్పినై. యజమాని తన వర్కర్ల కోపానికి ఉపేక్ష నేర్పాలనుకుంటున్నాడు. దానివల్ల తనకు ఖర్చు తప్పుతుంది. పద్ధతి ఒకటే, నీతి వేరు. ఈ వేరు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

ధ్యానశాలలో నా మోకాలి నొప్పికి మూడు లక్షణాలున్నాయి. మొదటిది, దాన్ని నేను కోరి తెచ్చుకున్నాను. రెండోది, దానికి గడువు వున్నది. గంట మోగితే కాలు చాపుకోవచ్చు. మరీ భరించలేకపోతే మోగకముందే చాపుకోవచ్చు, ఎవరూ జీతం కోయరు. మూడోది, నా నొప్పివల్ల ఎవరికీ లాభం లేదు. ఇప్పుడు ఖమ్మం జిల్లాలోనో గోదావరి డెల్టాలోనో నాట్లు వేసే కూలిమనిషి నడుమునొప్పిని తీసుకోండి. మోకాటిలోతు బురదలో రోజంతా వంగి వుంటుంది. ఆ నొప్పిని ఆమె కోరుకోలేదు. నడుము ఎత్తితే కూలి పోతుంది. పైగా ఆమె ఎంత ఓర్చుకుంటే అంత లాభపడేవాడు గట్టుమీద వున్నాడు. నొప్పిని నొప్పిగా చూస్తే రెండూ కండరాలూ నరాలే, రెండూ అనిత్యమే. కాని నా మోకాలికి వర్తించిన సూత్రాన్ని ఆమె నడుముకు వర్తింపజెయ్యటానికి నాకు గాని గట్టుమీద వున్నవాడికి గాని హక్కు లేదు. ఆమె తనకై తాను ఓర్పు తెచ్చుకుంటుంది. తెచ్చుకోకపోతే బతకలేదు గనక ఏనాడో తెచ్చుకున్నది. ఓర్పు విషయంలో ఆమెకు మన శిబిరాలు కొత్తగా నేర్పేది చాలా తక్కువ.

దీనికి శిబిరం పక్షంనుంచి వచ్చే జవాబును న్యాయంగా వినాలి. ఉపేక్ష అంటే చేతులు ముడుచుకుని కూచోవటం కాదు, గుడ్డిగా ఎదురు తిరగటం మానటం మాత్రమే, మనసు తేటపడ్డ మనిషి చేసే పని మరింత బలంగా వుంటుంది అని వాళ్లంటారు. ఇది నిజమే. ఆటోవాడే దానికి సాక్షి. కాని దుఃఖానికంతకూ మూలం మన లోపలి తృష్ణే అనీ, బయటివాళ్లు నిమిత్తమాత్రులనీ ఒక అడుగు ముందుకు వేస్తే అక్కడ నిజం తప్పిపోతుంది. రెండో బాణానికి తృష్ణ మూలం కావచ్చు. మొదటి బాణాన్ని తృష్ణ వెయ్యలేదు. ఆకలిగొన్నవాడి కడుపులో మంట అన్నం మీద వ్యామోహంవల్ల పుట్టలేదు, అన్నం లేకపోవటంవల్ల పుట్టింది.

ఇక్కడ మరొక బాణం కథను కొందరు అడ్డం పెడతారు. మజ్ఝిమ నికాయంలో మాలుంక్యపుత్రుడు బుద్ధుణ్ణి లోకం శాశ్వతమా అశాశ్వతమా వంటి ప్రశ్నలు అడుగుతాడు. విషబాణం తగిలినవాడు, దాన్ని వేసినవాడి కులమేమిటి, పొడుగెంత, విల్లు దేనితో చేశారు అని తేలేదాకా బాణం పీకనివ్వనంటే చచ్చిపోతాడని బుద్ధుడు జవాబు చెబుతాడు. కాబట్టి బాధకు కారకులెవరని వెతక్కు, నీ బాధ నువ్వు తీర్చుకో అని ఈ కథకు తాత్పర్యం చెబుతారు. మూలంలో ఆ ప్రశ్నలు పీడకుల గురించి కావు, తేలని తత్త్వచర్చల గురించి అనేది అటుంచుదాం. ఒక్క బాణం తగిలినవాడికి వైద్యుడు చాలు, ఒప్పుకుంటాను. కాని రోజూ అదే దిక్కునుంచి, అదే వాడమీద బాణాలు పడుతూవుంటే, పీకిన బాణాలను కుప్ప పోసుకుంటూ కూచోవటం వైద్యం కాదు. విల్లు ఎవరి చేతిలో వున్నదో అప్పుడైనా అడగాలి.

చిత్రమేమిటంటే, ఆ ప్రశ్న అడగటానికి తావు బౌద్ధ సిద్ధాంతంలోనే వున్నది. ప్రతీత్యసముత్పాదం అనే కార్యకారణాల గొలుసులో స్పర్శవల్ల వేదన, వేదనవల్ల తృష్ణ, తృష్ణవల్ల ఉపాదానం కలుగుతాయని చెబుతారు. విపశ్యన చేసే పని వేదనకూ తృష్ణకూ మధ్య లంకెను తెంపటం. అనుభూతి కలుగుతుంది, దానివెంట కోరికా ద్వేషమూ పరుగెత్తకుండా చూడాలి. మంచిదే. కాని గొలుసులో దానికి ముందు స్పర్శ వున్నది. స్పర్శ అంటే ఇంద్రియానికి లోకం తగలటం. ఎవరికి ఏ లోకం తగులుతున్నది? ఒకరికి చల్లటి గదీ మెత్తటి పరుపూ తగులుతున్నాయి. మరొకరికి మురుగుకాలవా మేస్త్రీ తిట్టూ తగులుతున్నాయి. మనిషికి తగిలే లోకాన్ని మార్చటం కూడా దుఃఖం తగ్గించే మార్గమే. దాన్నే మనం రాజకీయమంటున్నాం. గొలుసును రెండుచోట్ల పట్టుకోవచ్చు. ఒకచోట పట్టుకోవటం నేర్పేవాడు రెండోచోటు లేదనకూడదు. రెండోచోట పట్టుకున్న మనం మొదటిది వొట్టి బూటకమనీ అనకూడదు.

స్పర్శ అనే లంకె మన దేశంలో ఎంత బరువైనదో అంబేడ్కర్‌కు తెలిసినంతగా మరెవరికి తెలుసు? మనిషిని మనిషి తాకకపోవటాన్నే ధర్మం చేసిన సమాజం ఇది. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాదిమందితో బౌద్ధం స్వీకరించినప్పుడు ఆయన కోరింది అవమానాన్ని సమచిత్తంతో గమనించే నేర్పు కాదు, అవమానం లేని సంఘం. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు-ఆయన ధమ్మం’ గ్రంథానికి పీఠికలో, జీవితమే దుఃఖమనే ఆర్యసత్యం మనిషికి ఆశ లేకుండా చేస్తుంది గదా, అది బుద్ధుడు చెప్పినదేనా అని నిర్మొహమాటంగా ప్రశ్నించాడు. మతం వ్యక్తిగతం కావచ్చు గాని ధమ్మం సామాజికమైనదని ఆయన వాదం. ఇద్దరు మనుషులున్నచోటనే దాని అవసరం వస్తుంది. కళ్లు మూసుకుని ఒంటరిగా కూచున్నవాడికి దాని అవసరం తెలియకపోవచ్చు.

ఇది అంబేడ్కర్ బౌద్ధంమీద బయటినుంచి రుద్దిన కొత్త అర్థమని ఎవరైనా అంటే వాళ్లు దీఘ నికాయం తెరిచి చూడాలి. కూటదంత సుత్తంలో పెద్ద యజ్ఞం తలపెట్టిన ఒక బ్రాహ్మణుడికి బుద్ధుడు మహావిజితుడనే రాజు కథ చెబుతాడు. ఆ రాజ్యంలో దోపిడీలు ఎక్కువైనాయి. చంపి, కట్టి, జరిమానాలు వేసి దొంగతనాలు ఆపలేవని పురోహితుడు రాజుకు చెబుతాడు. సేద్యం చేసేవాడికి విత్తనమూ పశుగ్రాసమూ, వర్తకుడికి పెట్టుబడీ, కొలువు చేసేవాడికి తిండీ జీతమూ ఇమ్మంటాడు. రాజు అట్లా చెయ్యగా దేశం శాంతించిందనీ, జనం తలుపులు తెరుచుకుని నిద్రపోయారనీ కథ. ఇంకొక సుత్తంలో, చక్కవత్తి సీహనాదంలో, పేదవాళ్లకు ధనం అందకపోవటంవల్ల దారిద్ర్యం పెరిగింది, దారిద్ర్యంవల్ల దొంగతనం, దానివల్ల ఆయుధం, దానివల్ల హత్య పెరిగినాయని వరసగా చెబుతారు. ఇదీ కార్యకారణాల గొలుసే. ఇది మనసులో మొదలుకాలేదు, ఖజానా దగ్గర మొదలయింది. ఆ రాజు దొంగలను కూచోబెట్టి ఊపిరి గమనించమనలేదని మనం గుర్తుంచుకోవాలి.

చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. సామాన్య గృహస్థులు గుంపుగా చేరి విపశ్యన నేర్చుకునే పద్ధతి అంత ప్రాచీనమైనదేమీ కాదు. 1885లో బ్రిటిషువాళ్లు మాండలేను పట్టుకుని బర్మా రాజును దేశంనుంచి పంపించేశారు. అతను చివరకు మన రత్నగిరిలో బందీగా చనిపోయాడు. సంఘాన్ని పోషించే రాజు పోయినాడు, ధర్మం నిలవాలంటే సామాన్యులే దాన్ని నేర్చుకోవాలి అనే ఆదుర్దాతో లెడీ సయడో వంటి భిక్షువులు గృహస్థులకు ధ్యానమూ శాస్త్రమూ బోధించారు. ఆ పరంపరలో ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూనే 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం పెట్టాడు. మాండలేలో పుట్టిన వ్యాపారి ఎస్. ఎన్. గోయెంకా 1955లో ఆయనదగ్గర నేర్చుకుని, 1969లో భారతదేశం వచ్చి, 2013లో చనిపోయేదాకా బోధించాడు. అంటే లోకాన్ని మరిచిపొమ్మని చెప్పేదిగా మనకు కనిపించే ఈ పద్ధతి వలసపాలన తగిలిన దెబ్బలోనుంచి ప్రజల్లోకి వచ్చింది. ఆ వలస బర్మాలోనే మన కోస్తా జిల్లాల కూలీలు వేలాదిగా రంగం వెళ్లి రేవులో మూటలు మోశారు. 1930లో కూలి పనికి పోటీ పెట్టి రేపిన అల్లర్లలో వాళ్లెందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ చావులకు కారణం ఎవరి మనసులోని తృష్ణ? రేవు యజమానుల లెక్కల పుస్తకం చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలమా?

బర్మాయే మరి రెండు పాఠాలు కూడా చెప్పింది. 2007 ఆగస్టులో సైనిక ప్రభుత్వం ఇంధనం ధరలు పెంచింది. సెప్టెంబరులో వేలాది భిక్షువులు మైత్రీ సూత్రం చదువుతూ వీధుల్లో నడిచారు. సైనికాధికారుల చేతి భిక్ష తీసుకోమని ప్రకటించి భిక్షాపాత్రలు బోర్లించారు. ఆ నడిచినవాళ్ల మనసులో ఉపేక్ష వుండవచ్చు, జనం బాధను మాత్రం వాళ్లు ఉపేక్షించలేదు. అదే దేశంలో 2017లో సైన్యం రోహింగ్యా గ్రామాలను తగలబెట్టినప్పుడు ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ముస్లిములపై ద్వేషాన్ని అప్పటికి కొన్నేళ్లుగా రెచ్చగొడుతూ వచ్చినవాళ్లలో కాషాయధారులూ వున్నారు. ధ్యానానికి అంత పేరున్న దేశంలో రెండూ జరిగినై. కనక ధ్యానం చేసినంతమాత్రాన మనిషి న్యాయం పక్షాన నిలబడతాడని హామీ లేదు. అది కత్తికి పదును పెట్టటం వంటిది. ఆ కత్తి ఏం కోస్తుందనేది వేరే నిర్ణయం కావాలి.

మన దేశపు ఉదాహరణ కూడా ఒకటి చూద్దాం. 1994 ఏప్రిల్‌లో ఢిల్లీ తీహారు జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి విపశ్యన శిబిరంలో కూచున్నారు. జైల్లో వున్నవాడికి పగా భయమూ తగ్గి రాత్రి నిద్రపడితే దాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. కాని 2022 చివర మన దేశపు జైళ్లలో వున్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువుకానివాళ్లు. వాళ్లలో ఎక్కువమంది జామీను కట్టుకోలేని పేదలని అందరికీ తెలుసు. అట్లాంటివాడికి ధ్యానం ఇవ్వటం మంచిపనే. వాయిదా తేదీకి బదులుగా ధ్యానం ఇవ్వటం మోసం. ఇది కావాలంటే అది వదులుకోమని అతనితో ఎవరూ పైకి అనరు. కాని ఖైదీలు శాంతంగా వున్నారని సంతోషించే అధికారి, విచారణ ఎందుకు జరగటం లేదని అడగటం మానేస్తే, ఆ శాంతంలో ఖైదీ వాటా ఎంత, అధికారి వాటా ఎంత? అమెరికాలో 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యశాలలో దీర్ఘరోగుల కోసం మొదలైన ధ్యాన శిక్షణ, తరవాతి దశాబ్దాల్లో పెద్ద పెద్ద కంపెనీల ఉద్యోగుల శిక్షణలోకి ప్రవేశించింది. గూగుల్ 2007లో అట్లాంటి కోర్సు పెట్టింది. రోగికి సాయంగా పుట్టింది పనిభారానికి సాయంగా మారినప్పుడు, మా వరసలో కూచున్న యజమాని మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇంత చెప్పి మనవైపు చూసుకోకపోతే అది సగం మాటే అవుతుంది. అభ్యుదయవాదులం మనిషి లోపలి సంగతిని తరుచు కొత్త సమాజం వచ్చాక చూసుకోవలసిన పనిగా వాయిదా వేస్తాం. సంఘాల్లో, పత్రికల్లో, అధ్యాపకుల సమావేశాల్లో ఎన్ని చీలికలు సిద్ధాంతంవల్ల వచ్చినై, ఎన్ని చీలికలు విమర్శ విని ఓర్చుకోలేక వచ్చినై అని నిజాయితీగా లెక్క వేస్తే మనకు ముచ్చటగా వుండదు. సమ్మె అరవయ్యోరోజున, ఇంట్లో బియ్యం లేనప్పుడు, రెచ్చగొట్టేవాడి రాయికి రాయి విసరకుండా నిలబడటానికి కావలసింది ఆ రెండో బాణాన్ని ఆపగల నిబ్బరమే. రాహుల్ సాంకృత్యాయన్ బౌద్ధ భిక్షువుగా వుండి తరవాత కమ్యూనిస్టయినాడు. పాలీ గ్రంథాల పరిశ్రమకూ కిసాన్ ఉద్యమానికీ ఆయన జీవితంలో వైరం కనిపించదు.

ఇంకొక సంగతి కూడా మరవరాదు. పదిరోజులు నేను కళ్లు మూసుకుని కూచోగలిగానంటే, ఎవరో తెల్లవారుజామున లేచి నాకు ఉప్మా వండారు. ఎవరో వరి పండించారు. ఎవరో నా క్లాసులు తీసుకున్నారు. ధ్యానానికి తీరిక కావాలి, తీరిక ఇంకొకరి శ్రమలోనుంచి వస్తుంది. ఈ సత్యం మన పూర్వులకు తెలుసు. అమరావతి స్తూపానికి శిలాఫలకాలు ఇచ్చిన దాతల పేర్లు శాసనాల్లో చెక్కారు. వాళ్లలో సెట్లూ వున్నారు, గృహిణులూ వున్నారు, ఒక చర్మకారుడూ వున్నాడు. తోలుపని చేసేవాడి కష్టంలో ఒక భాగం భిక్షువు నిశ్శబ్దానికి ఆధారమయిందని ఆ రాయి ఒప్పుకున్నది. కూచున్నవాడు నిలబడి పనిచేసేవాడికి ఋణపడి వున్నాడు. ఆ ఋణం మైత్రీ భావనతో కొంత తీరవచ్చు గాని, పూర్తిగా తీరదు. కూలి రేటు దగ్గర, పనిగంటల దగ్గర, ఆటోవాడికి కూడా జీతంతో పదిరోజుల సెలవు దొరికే ఏర్పాటు దగ్గర తీరాలి.

కాబట్టి శిబిరానికి వెళ్లవచ్చునా అని అడిగే విద్యార్థులకు నేను వెళ్లమనే చెబుతాను. వెళ్లి, తన కోపం ఎక్కడ పుడుతున్నదో, తన భయం ఎట్లా నడుస్తున్నదో చూసుకోవటంలో సిగ్గుపడవలసింది లేదు. కాని తిరిగి వచ్చిన తరవాత ఎవరైనా ఇంకొకరికి ఉపేక్ష బోధిస్తుంటే మూడు ప్రశ్నలు అడగమంటాను. ఆ నొప్పి ఎవరిది? కాలు చాపుకునే స్వేచ్ఛ అతనికి వున్నదా? అతను ఓర్చుకోవటంవల్ల లాభపడేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా శాంతి బోధించేవాడు ఎంత మృదువుగా మాట్లాడినా గట్టుమీద నిలబడ్డవాడే.

పాలీ పండితులు ఉపేక్షకు ఇచ్చిన అర్థం మన సొంత నొప్పికి సరిపోతుంది, దాన్ని మనం కష్టపడి సాధించాలి. తెలుగు జనం దానికి ఇచ్చిన అర్థాన్ని పక్కవాడి నొప్పి విషయంలో గుర్తుపెట్టుకోవాలి. ఆ రెండో ఉపేక్షకు మన జనం ఊరికే చెడ్డపేరు పెట్టలేదు. తరతరాలుగా దానివల్ల నష్టపోయినవాళ్లు గనక పెట్టారు.